ఏ రూపంలో వెళ్లాలి? ఈవెంట్‌కి ముందు క్రాస్‌డ్రెసర్ ఎంపికలు

నేను క్రాస్‌డ్రెసర్‌ని, అంటే ఆడబట్టలు వేసుకునే మగవాణ్ని. ఒకసారి ఒక ఉపన్యాసానికి పూర్తిగా ఆడవేషంలో వెళ్లాను. రెండు గంటల కార్యక్రమం. ఇంటికి వచ్చాక నా భార్య "ఇంతకీ ఏం చెప్పాడాయన?" అని అడిగింది. నోరు తెరిచాను గానీ మాట రాలేదు. హాలుకి ఎన్ని తలుపులున్నాయో తెలుసు, బాత్రూమ్ ఎంత దూరమో తెలుసు, ముందు వరసలో ఇద్దరు ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూశారో కూడా తెలుసు. ఆయన చెప్పింది మాత్రం ఒక్క ముక్క బుర్రకెక్కలేదు.

ఇంకోసారి దీనికి రివర్స్ జరిగింది. ఒక మ్యూజిక్ షోకి ధైర్యం చాలక ప్యాంటూ చొక్కాలో వెళ్లాను. నాకు తెలిసిన మరో క్రాస్‌డ్రెసర్ చక్కగా తయారై వచ్చి, ముందు వరసలో హాయిగా కూర్చుంది. ఆ రాత్రి పాటల్లో ఒక్కటీ నాకు గుర్తులేదు. బీరువాలో వేలాడుతున్న నా డ్రెస్సే గుర్తుంది.

ఈ రెండు రాత్రుల తర్వాత నేను ప్రశ్న మార్చుకున్నాను. "ధైర్యం ఉందా? గుర్తుపడతారా? బాగుంటానా?" అని కాకుండా, "ఏ రూపంలో వెళ్తే నా ధ్యాస ఎక్కువసేపు ఈవెంట్ మీద నిలుస్తుంది?" అని అడుగుతున్నాను. దాచుకోవడానికీ ధ్యాస ఖర్చవుతుంది, చూపించుకోవడానికీ ఖర్చవుతుంది. ఆ రోజు దేనికి తక్కువ ఖర్చో చూసుకోవాలి. కింద చెప్పే పోలికంతా ఈ లెక్క మీదే.

ఆడబట్టలు వేసుకునే మగవాడిగా రాస్తున్నాను. మగబట్టలు వేసుకునే ఆడవాళ్ల పరిస్థితి వేరు. ప్యాంటూ చొక్కా వేసుకున్న ఆడమనిషిని చాలా చోట్ల ఎవరూ రెండోసారి చూడరు. వాళ్లకి నేను చెప్పగలిగేది ఒళ్లు జాగ్రత్త గురించే. ఛాతీ చదునుగా కనపడాలని బైండర్ అనే బిగుతు బనియన్ వాడితే 8 గంటలకి మించి ఉంచుకోవద్దు. దాని బదులు బ్యాండేజీ గుడ్డో, మామూలు టేపో బిగించి చుట్టుకోవడం అసలు వద్దు, ఊపిరికీ పక్కటెముకలకీ ప్రమాదం.

మామూలు మగ రూపం

దీన్ని మనలో కొందరు ఓటమిలా చూస్తారు. నేనలా అనుకోను. కొన్ని రోజులు మనవి కావు. చనిపోయినవాళ్లకి చివరి చూపు, స్నేహితుడికి అవార్డు ఇచ్చే సభ, ఎవరి పెళ్లయినా సరే, అక్కడ అందరి కళ్లూ ఎటు ఉండాలో ముందే నిర్ణయమైపోయి ఉంటుంది. మనం వెళ్లి ఆ చూపుల్ని ఇటు తిప్పితే, తప్పు మనది కాకపోయినా, ఆ రోజు నుంచి కొంచెం తీసుకున్నట్టే. పిలిచినవాళ్లే "నీకు నచ్చినట్టు రా" అని నోరారా చెప్తే అది వేరే మాట. అది వాళ్ల నోటి నుంచి రావాలి, మనం ఊహించుకోకూడదు.

మీకు అక్కడ పని ఉంటే కూడా నేను ఈ రూపం వైపే మొగ్గుతాను. కుర్చీలు మోయాలి, చిన్నపిల్లల్ని చూసుకోవాలి, సౌండ్ సిస్టమ్ సరిచేయాలి అంటే విగ్గూ గోళ్లూ అడ్డం. పరుగులు, ఈత, ఆటలపోటీలు సరేసరి.

నష్టం ఏమిటో కూడా చెప్పాలి. అందరూ మిమ్మల్ని పలకరిస్తారు గానీ మీలో ఒక సగాన్నే పలకరిస్తారు. నెలకోసారి అయితే తట్టుకుంటాం. ప్రతి ఈవెంట్‌కీ ఇదే సమాధానం వస్తోందంటే, ఎంపిక మీది కాదు, భయానిది. మూడుసార్లు వరసగా మామూలు రూపంలో వెళ్లానని గుర్తొస్తే నాలుగోసారి కనీసం ఆలోచించడానికి ఒక సాయంత్రం కేటాయిస్తాను.

లోపల మాత్రమే

పైన మగబట్టలు, లోపల ఆడవాళ్ల లోదుస్తులు. ఎవరికీ తెలియదు, మనకి తెలుసు. చాలామంది మొదలుపెట్టేది ఇక్కడే. దీన్ని సున్నా రిస్కు అంటారు గానీ అది నిజం కాదు. లేత రంగు చొక్కా కింద స్ట్రాప్ గీత వెలుతురులో తేలిపోతుంది. ఎవరో ఆప్యాయంగా వీపు తడితే చేతికి హుక్కు తగులుతుంది. బూట్లు విప్పాల్సిన చోట గోళ్లరంగు బయటపడుతుంది. తనిఖీ స్కానర్ దగ్గర ప్యాడింగ్ ఏదో వస్తువులా కనిపించి పక్కకి పిలవొచ్చు. కళ్లు తిరిగి పడిపోతే డాక్టరు ముందుగా విప్పేది చొక్కానే. ముదురు రంగు, కొంచెం మందం గుడ్డ, అతుకుల్లేని లోదుస్తులు ఉంటే ఇందులో సగం పోతుంది.

నా అభిప్రాయం అడిగితే, సగం రోజు ఆఫీసు మీటింగులకి ఇది బాగుంటుంది, రోజంతా సాగే ఈవెంట్‌కి బాగుండదు. సాయంత్రానికి సంతోషం అరిగిపోతుంది, టెన్షన్ మాత్రం మిగులుతుంది.

మధ్య దారి

చెవులకి చిన్న దుద్దులు, గోళ్లకి రంగు, ఆడవాళ్ల కొలతల జీన్స్, మెత్తటి స్కార్ఫ్, కళ్లకి కాస్త కాటుక. పేరు మారదు, గొంతు మారదు, వెళ్లే బాత్రూమ్ మారదు. గేటు దగ్గర గుర్తింపు కార్డు ఫొటోకీ మన ముఖానికీ పొంతన ఉంటుంది. తయారవడానికి అరగంట చాలు. ఇన్ని సుఖాలున్నాయి కాబట్టి ఇదే సేఫ్ అని చాలామంది సలహా ఇస్తారు.

నా అనుభవం కొంచెం తేడాగా ఉంది. పూర్తి ఆడరూపంలో ఉన్నప్పటికంటే ఇందులోనే నన్ను రెండోసారి చూసినవాళ్లు ఎక్కువ. జనం చూపు మనిషిని క్షణంలో ఆడో మగో ఒక అరలో పెట్టేసి ముందుకెళ్లిపోతుంది. పూర్తిగా తయారైతే, దూరం నుంచైనా, ఏదో ఒక అరలో పడతాం. సగంసగం ఉంటే అర దొరక్క ఆ చూపు మన దగ్గరే ఆగుతుంది. అది శత్రుత్వం కాదు, లెక్క తేలక ఆగడం. కానీ ఆ చూపు కింద నిలబడినవాడికి ఆ తేడా తెలియదు.

కాబట్టి ఈ దారి ఎవరున్నారన్న దాని మీద ఆధారపడుతుంది. చిత్రకారులు, నాటకాలవాళ్లు, కుర్రకారు ఎక్కువగా ఉండే చోట ఇది అద్భుతంగా పనిచేస్తుంది, ఎవరూ పట్టించుకోరు. అందరూ ఒకే తరహా బట్టల్లో వచ్చే ఈవెంట్లలో ఇది అన్నిటికంటే కష్టం. వేసుకునేదేదైనా ఒక్కచోటే వేసుకుని మిగతాదంతా శుభ్రంగా, ఇస్త్రీ మడతతో ఉంచండి. గోళ్లు అయితే గోళ్లే, చెవులు అయితే చెవులే. అప్పుడది అభిరుచిలా కనపడుతుంది, పొరపాటులా కాదు. మర్నాడు ఆఫీసుంటే మామూలు నెయిల్ పాలిష్ వేసుకోండి, రిమూవర్‌తో నిమిషాల్లో పోతుంది. జెల్ పాలిష్ అయితే అసిటోన్‌లో 10, 15 నిమిషాలు నానబెట్టాలి, తర్వాత గోరు కూడా పొడిబారుతుంది.

పూర్తి ఆడరూపం

అసలు ప్రశ్న చాలామందికి దీని గురించే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ముందుగా ఒక భ్రమ వదిలించుకోవాలి. ఆడమనిషి అని అందరూ నమ్మాలి అని లక్ష్యం పెట్టుకుంటే ఆ సాయంత్రం పరీక్ష హాలే. ప్రతి చూపూ మార్కుల షీటు. దాని బదులు, ఆ చోటికి తగినట్టు తయారైన మనిషిలా ఉండాలి అనుకుంటే భుజాలు వాటంతటవే కిందికి దిగుతాయి. చూసినవాళ్లలో కొందరికి తెలుస్తుంది. తెలియనివ్వండి. తెలిసినవాళ్లలో ఎక్కువమంది తమ ప్లేటు, తమ ఫోను, తమ గొడవల్లోకి తిరిగి వెళ్లిపోతారు.

తగినట్టు అంటే ఏమిటి? ఆ ఈవెంట్‌కి గతేడాది తీసిన ఫొటోలు దొరికితే, మీ వయసు ఆడవాళ్లు ఏం వేసుకున్నారో చూడండి. దాదాపు అదే వేసుకోండి. కొత్తవాళ్లు చేసే తప్పు ఎప్పుడూ ఒక్కటే, రెండు మెట్లు ఎక్కువ తయారవడం. ఎన్నాళ్లో బీరువాలో దాచుకున్న మెరుపుల డ్రెస్సు, పొడుగు హీల్సు, పొడుగు విగ్గు అన్నీ ఒకేరోజు బయటికి రావాలనుకుంటాయి. పొద్దున పది గంటల పుస్తక ప్రదర్శనకి నేనూ అలాగే వెళ్లాను, ఎందుకు దాచడం. ఆ హాల్లో జిగేల్మన్నది నేనొక్కణ్నే.

టైమ్ లెక్క నిజాయితీగా వేసుకోండి. అలవాటున్నవాళ్లకే గంటన్నర, రెండు గంటలు పడుతుంది. గడ్డం గీసుకున్నాక ఎర్రదనం తగ్గడానికి కాస్త వ్యవధి ఇవ్వాలి. గడ్డం నీడ నీలంగా కనపడేది చర్మం కింద ఉన్న వెంట్రుక వల్ల. దాని మీద ఫౌండేషన్ ఎంత మందంగా రాసినా బూడిద రంగులోకి తిరుగుతుంది తప్ప పోదు. రంగుల చక్రంలో నీలానికి ఎదురుగా ఉండేది నారింజ. అందుకే ముందు పలచగా నారింజ రంగు కరెక్టర్, అంటే ఆ నీలాన్ని కప్పే క్రీము అద్ది, దాని మీద ఫౌండేషన్, ఆపైన పౌడరు వేస్తారు. రాయకండి, అద్దండి. వేసుకున్నది పగటి వెలుతురులో, కిటికీ దగ్గర చూసుకోండి. బాత్రూమ్ దీపం మనల్ని మెచ్చుకుంటుంది, ఎండ మెచ్చుకోదు.

పగలా రాత్రా అన్నది కూడా ఒక ఎంపికే. సాయంత్రం దీపాలు మేకప్‌కి అనుకూలం. కానీ రాత్రి ఒంటరిగా తిరిగి రావడం ఆడబట్టల్లో ఎలా ఉంటుందో చాలామందికి మొదటిసారి అప్పుడే తెలుస్తుంది. నాకూ తెలిసింది. ఆడవాళ్లు రోజూ వేసుకునే లెక్కలే అవి, ఏ దారి, ఏ వాహనం, ఎవరికి ఫోన్ చేయాలి అని. మీరూ వేసుకోవాలి.

చెప్పుల గురించి పట్టుబట్టి చెప్తాను, ఎందుకంటే ఈవెంట్లు పాడుచేసేది చెప్పులే. సాయంత్రానికి పాదాలు కొంచెం ఉబ్బుతాయి కాబట్టి కొనేటప్పుడు సాయంత్రం పూటే వేసి చూడండి. ఇంట్లో కనీసం మూడు నాలుగు సాయంత్రాలు వేసుకుని నడవండి, మెట్లు కూడా ఎక్కి దిగండి. గడ్డి మీద జరిగే ఈవెంట్‌కి సన్నటి హీల్ వద్దే వద్దు, మేకులా దిగబడుతుంది. వెడల్పాటి పొట్టి హీల్ గానీ, ఫ్లాట్ గానీ చాలు. కాలు నొప్పి పుట్టిన క్షణం నుంచి ఈవెంట్ మీద ధ్యాస సున్నా. నా కొలబద్ద ప్రకారం చూస్తే హీల్ ఎత్తు పెరిగేకొద్దీ ఉపన్యాసం తగ్గిపోతుంది.

విగ్గు జారుతుందన్న భయంతో గంటకోసారి తల ముట్టుకునేవాణ్ని. విగ్గు కింద పెట్టుకునే వెల్వెట్ బ్యాండ్ ఒకటి దొరుకుతుంది, అది పెట్టాక ఆ అలవాటు పోయింది. సింథటిక్ విగ్గయితే కొవ్వొత్తులకీ పొయ్యి వేడికీ దూరంగా ఉండండి, చివరలు క్షణాల్లో ముడుచుకుపోతాయి.

గొంతు విషయంలో చాలామంది సన్నగా కీచుగా మాట్లాడబోయి అభాసుపాలవుతారు. మగ గొంతు సుమారుగా 85 నుంచి 180 హెర్ట్జ్, ఆడ గొంతు 165 నుంచి 255 హెర్ట్జ్ మధ్య ఉంటుందని చెప్తారు. ఈ రెండూ కలిసే కొంచెం జాగా ఉంది. అక్కడికి చేరితే చాలు, నెమ్మదిగా, మాట చివర బరువు తగ్గించి మాట్లాడితే చాలావరకు సరిపోతుంది. అసలేమీ మార్చకుండా మామూలు గొంతుతో "నమస్కారం" అనేసినా కొంప మునగదు. ఎదుటివాళ్లు ఒక్క క్షణం ఆగి, తర్వాత మాట కలుపుతారు. నేనిప్పుడు ఎక్కువగా ఇదే చేస్తాను, గొంతు మీద పెట్టే ధ్యాస మిగులుతుంది.

ఇక బాత్రూమ్. తప్పించుకోవడానికి నీళ్లు తాగకుండా ఉండేవాళ్లని చూశాను, తలనొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు. ముందే ఆ భవనంలో ఒక్కరే లోపలికెళ్లి గడియ పెట్టుకునే బాత్రూమ్ ఉందా అని కనుక్కోండి. వికలాంగుల కోసం ఉన్నది అలాంటిదే అయి, అక్కడ ఎవరూ ఎదురుచూడకపోతే వాడుకోవచ్చు. బాత్రూమ్‌ల మీద ప్రత్యేక చట్టాలున్న చోట్లు ఉన్నాయి, కొత్త ఊరైతే ముందే చూసుకోవాలి.

వేషం అనే ముసుగు

ఫ్యాన్సీ డ్రెస్ పార్టీ, నాటకం, మాస్క్ పార్టీ. ఇవి దొరికితే ఎగిరి గంతేసేవాళ్లున్నారు, ఎందుకంటే అక్కడ ఎవరూ "ఎందుకు?" అని అడగరు. వేదిక మీద ఆడవేషానికి మన సమాజం ఎప్పుడూ చప్పట్లే కొట్టింది. సత్యభామగా పేరు తెచ్చుకున్న రంగస్థల నటుడు స్థానం నరసింహారావుకి 1956లో పద్మశ్రీ కూడా వచ్చింది. తెర దించాక వేషం తీసేస్తాడన్న నమ్మకం ఆ చప్పట్లలో ఒక భాగం.

ఇక్కడే చిక్కు. సరదా వేషం అన్న అనుమతితో వెళ్తే, సరదాగా నవ్వే హక్కు వాళ్లకి ఇచ్చినట్టే. "అబ్బో, పెళ్లిచూపులకా?" అని ఎవరో అంటారు, అందరూ నవ్వుతారు, మీరూ నవ్వాలి. మీకది సరదా కాదని మీకొక్కరికే తెలుసు. నేను అలా రెండుసార్లు వెళ్లాను. మొదటిసారి స్వర్గంలా ఉంది. రెండోసారి ఇంటికొచ్చి చాలాసేపు మేకప్ తీయకుండా కూర్చున్నాను, బాధగా.

బ్రిటన్ కళాకారుడు గ్రేసన్ పెర్రీ 2003లో టర్నర్ ప్రైజ్ అనే కళా బహుమతి అందుకోవడానికి గౌను వేసుకుని వెళ్లాడు. ఆ రూపానికి క్లేర్ అని పేరు పెట్టుకున్నాడు. ఆ పూట ఆయన ఫ్యాన్సీ డ్రెస్ వంకతో రాలేదు, తన బహుమతి తీసుకోవడానికి తను వచ్చాడు. అందరం అలా చేయాలని కాదు. వంక పెట్టుకుని వెళ్లడానికీ, వంక లేకుండా వెళ్లడానికీ తేడా ఎక్కడుందో దాన్నిబట్టి తెలుస్తుంది. మొదటిసారి బయటికి రావడానికి ఫ్యాన్సీ డ్రెస్ మంచి మెట్టు. ఆ మెట్టు మీదే కాపురం పెట్టొద్దు.

రెండిటి మధ్య ఊగుతుంటే

నేను ముందు అడిగేది, "ఈ గదిలో ఉన్నవాళ్లు ఇంకెవరికి చెప్తారు?" అని. వెయ్యిమంది అపరిచితులున్న ప్రదర్శన కంటే, మీ బావమరిది స్నేహితుడు ఒక్కడున్న ముప్పైమంది భోజనం ఎక్కువ రిస్కు. జనం సంఖ్య ఎప్పుడూ లెక్కలోకి రాదు, జనాల మధ్య ఉన్న దారాలే వస్తాయి. ఒక్కసారి చెప్పాక వెనక్కి తీసుకోలేం. ఇంట్లోవాళ్లకి, ఆఫీసులో చెప్పాల్సినవాళ్లకి మీ నోటితో తెలియాలా, ఫొటోతో తెలియాలా అన్నది ఈవెంట్‌కి ముందే తేల్చుకోవాల్సిన విషయం.

ఫొటోల సంగతి అందుకే విడిగా చూడాలి. మీరు తీసుకున్నవి కాదు, వెనక నిలబడ్డ మీరు పడినవి. కొన్ని సమావేశాల్లో ఫొటో వద్దనుకునేవాళ్లకి బ్యాడ్జికి వేరే రంగు తాడు ఇస్తారు, ఉందేమో అడగండి. ఫొటోకి అభ్యంతరం లేదనుకుంటే ఇంకో చిన్న మాట. సన్‌స్క్రీన్ కలిసిన ఫౌండేషన్లూ, తెల్లటి సిలికా పౌడర్లూ ఫ్లాష్ పడగానే ముఖాన్ని సున్నం కొట్టినట్టు చూపిస్తాయి. ఇంట్లో ఫ్లాష్ వేసి ఒక ఫొటో తీసి చూసుకుంటే సరి.

పక్కన ఎవరు వస్తున్నారన్నది చాలామంది మర్చిపోతారు. నా భార్యకి నా సంగతి తెలుసు, నాతో వస్తుంది కూడా. కానీ ఒకసారి ఆమె స్నేహితులున్న చోటికి "ఆడవేషంలో రానా?" అని కారెక్కే ముందు అడిగాను. "నన్నిప్పుడు అడుగుతావా?" అంది. తర్వాత దారంతా మౌనం. మీ ఎంపికలో ఆమె కూడా బయటపడుతుంది, రేపు ఆమెనీ అడుగుతారు. కనీసం రెండు రోజుల ముందు అడగాలి, "వద్దు" అంటే నిష్ఠూరం లేకుండా వినాలి.

నిర్వాహకులకి ముందే చెప్పాలా? పేరు బ్యాడ్జి ఉన్న చోట, గుర్తింపు కార్డు అడిగే చోట చెప్పడమే మేలు. పెద్ద వివరణ అక్కర్లేదు. "నేను ఆడవాళ్ల బట్టల్లో వస్తాను. రిజిస్ట్రేషన్ నా అసలు పేరు మీద ఉంది, బ్యాడ్జి మీద మాత్రం ఫలానా పేరు రాయండి. ఒక్కరే వాడుకునే బాత్రూమ్ ఎక్కడుందో చెప్పగలరా?" అంతే. ఆ మెసేజ్‌కి వచ్చే జవాబు తీరులోనే ఆ చోటు ఎలాంటిదో సగం తెలిసిపోతుంది. క్షమాపణలు చెప్పొద్దు, వైద్య పదాలు వాడొద్దు. పాత జబ్బుల జాబితాలో ఆడబట్టలు వేసుకోవడానికి విడిగా పేర్లుండేవి. 2022 జనవరిలో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-11 జాబితాలో అవి లేవు. ఎవరైనా తెలిసినట్టు మాట్లాడితే ఇది చెప్పడానికి పనికొస్తుంది.

దేశం దాటి వెళ్లే ఈవెంట్ అయితే చట్టం చూడకుండా ఏదీ నిర్ణయించుకోవద్దు. ఆడబట్టలు వేసుకున్నందుకే మగవాణ్ని శిక్షించే చట్టాలు పాతకాలం ముచ్చట అనుకుంటాం. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1863లో వచ్చిన నిషేధం 1974 దాకా ఉంది. గయానాలో 1893 నాటి చట్టాన్ని కరీబియన్ న్యాయస్థానం కొట్టేసింది 2018లో. కువైట్‌లో ఇలాంటి సెక్షన్‌ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం రద్దు చేసింది 2022లోనే. కాబట్టి ఇంకా ఉన్న చోట్లూ ఉన్నాయి. అలాంటి చోట మగ రూపమే ఎంపిక, ఇందులో ధైర్యసాహసాల చర్చ లేదు. లగేజీలో ఏముందన్నది కూడా ఆలోచించుకోవాలి.

మనవాళ్ల మధ్య జరిగే ఈవెంట్లకి ఈ తర్జనభర్జన ఏదీ అక్కర్లేదు. అమెరికాలోని ప్రావిన్స్‌టౌన్‌లో 1975లో ఫాంటాసియా ఫెయిర్ అనే క్రాస్‌డ్రెసర్ల సమావేశం మొదలుపెట్టినవాళ్లు చేసింది చూడండి. హోటల్ గదికే పరిమితం కాకుండా రోజుల తరబడి ఊళ్లోనే తిరగడం, తినడం, మాట్లాడటం. ఒక సాయంత్రం తయారై మళ్లీ విప్పేయడం వేరు, ఆ బట్టల్లోనే మర్నాడు టిఫిన్‌కి వెళ్లడం వేరు. మూడోరోజుకి అద్దం చూసుకోవడం తగ్గుతుంది. మీకు అలాంటి సమావేశం ఏదైనా అందుబాటులో ఉంటే, బయట పెద్ద ఈవెంట్‌కి పూర్తి రూపంలో వెళ్లేముందు దానికి వెళ్లిరండి. ఒకవేళ అక్కడికే ప్యాంటూ చొక్కాలో వెళ్లాలనిపిస్తే అదీ తప్పు కాదు, అలా వచ్చేవాళ్లు ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు ఉంటారు.

మధ్యలో మార్చుకోవడం

పొద్దున మగ రూపం, సాయంత్రం ఆడ రూపం కుదురుతుందా అని అడుగుతారు. అటు కుదురుతుంది, చోటూ రెండు గంటల టైమూ ఉంటే. ఇటు మాత్రం, అంటే ఆడ రూపం నుంచి మగ రూపానికి తొందరగా రావడం అనుకున్నంత తేలిక కాదు. వాటర్‌ప్రూఫ్ మస్కారా నీళ్లకి, సబ్బుకి లొంగదు, నూనె ఉన్న రిమూవర్ కావాలి. కంటి అంచున మిగిలిన నల్లటి గీత మర్నాటి దాకా ఉంటుంది. మెరుపుల పొడి అయితే వారం తర్వాత కూడా ఆఫీసులో ఎవరో "ముఖం మీద ఏదో మెరుస్తోంది" అంటారు. అదేరోజు మళ్లీ మగ రూపంలో కనపడాల్సి ఉంటే మామూలు మస్కారా వేసుకోండి, మెరుపులు మానేయండి, గోళ్లకి అంటించుకునేవి వాడండి. సంచిలో రిమూవర్, దూది, మగ బూట్లు ఉండాలి. బూట్లు మర్చిపోయి ప్యాంటూ చొక్కా మీద ఆడచెప్పులతో ఇంటికొచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది.

నిర్ణయం మూడు రోజుల ముందు తీసుకోండి, ఒకసారి పూర్తిగా వేసుకుని ఇంట్లో రెండు గంటలు ఉండండి, కుర్చీలో కూర్చుని ఏదైనా చదవండి. చదివింది గుర్తుంటే ఆ బట్టలతో వెళ్లొచ్చు. ఈవెంట్ రోజు పొద్దున మనసు మారితే తగ్గించే వైపుకే మార్చుకోండి, హీల్ నుంచి ఫ్లాట్‌కి, పూర్తి రూపం నుంచి మధ్య దారికి. ఆ పొద్దునే ధైర్యం పొంగుకొచ్చి ఇంట్లో ఒక్కసారీ వేసుకోని కొత్త డ్రెస్సు తీశారంటే, దాని జిప్పు హాలు మధ్యలోనే తెగుతుంది. నాకు తెగింది. అందుకే సంచిలో రెండు పిన్నీసులు కూడా పెట్టుకుంటాను.